దోహాలో ఆ ఒక్క గోల్ వల్లే పోయామా? గ్రూప్ ఎ మీద అపోహలు - వాస్తవాలు

లోకల్ లీగ్ మ్యాచ్‌లకు రిఫరీగా వెళ్తుంటాను కాబట్టి, ఫుట్‌బాల్ చూసేవాళ్లు ఎవరు కలిసినా నన్ను అడిగేది ఒకటే: దోహాలో ఇండియా-ఖతార్ మ్యాచ్‌లో, ఖతార్‌కి గోల్ ఇచ్చిన ఆ బంతి అప్పటికే బయటికి పోలేదా? పోయింది, అందులో నాకు డౌటే లేదు. కానీ 2026 ప్రపంచకప్ ఆసియా క్వాలిఫయర్స్ రెండో రౌండ్‌లో మన గ్రూప్ (ఖతార్, కువైట్, అఫ్గానిస్థాన్, మనం) గురించి తిరిగే మాటల్లో చాలావరకు లెక్కకు నిలబడవు.

అపోహ: రిఫరీ తప్పు చేయకపోతే మూడో రౌండ్‌కి వెళ్లిపోయేవాళ్లం.

2024 జూన్ 11న దోహాలో ఖతార్‌తో ఆఖరి గ్రూప్ మ్యాచ్, మన చాంగ్తే గోల్‌తో 1-0 ముందున్నాం. 73వ నిమిషంలో గోల్ పక్కగా గీత దాటి బయటికెళ్లిన బంతిని ఖతార్ ఆటగాడు వెనక్కి లాగాడు, యూసఫ్ అయ్‌మన్ లోపలికి కొట్టాడు, బంతి బయటికెళ్లిందని మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ అప్పటికే ఆగిపోయాడు. అన్యాయమే. అయినా అది స్కోరు సమం చేసిన గోల్ మాత్రమే, మనల్ని ఓడించిన గోల్ 85వ నిమిషంలో పడింది. పైగా అక్కడ డ్రా చేసుకున్నా మనకి 6 పాయింట్లే, అదే రోజు అఫ్గాన్‌ను 1-0తో ఓడించిన కువైట్‌కి 7. గ్రూప్‌లో మొదటి రెండు జట్లకే మూడో రౌండ్ కాబట్టి గెలిస్తే తప్ప దారి లేదు. అప్పటికే క్వాలిఫై అయిపోయిన ఖతార్ ఆ రోజు దించింది ఎక్కువగా కుర్రాళ్లనే అన్నది ఎవరూ గుర్తు చేయరు.

అసలు పరిస్థితి అక్కడిదాకా ఎందుకొచ్చిందంటే, మార్చిలో అఫ్గానిస్థాన్‌తో ఆడిన రెండు మ్యాచ్‌ల్లో మనకి దక్కింది ఒకే ఒక్క పాయింట్. సౌదీలోని అబహాలో 0-0. గువాహటిలో ఛెత్రి తన 150వ మ్యాచ్‌లో పెనాల్టీ కొట్టి ముందుంచితే, 70వ నిమిషంలో ఒక గోల్, 88లో పెనాల్టీ ఇచ్చి 1-2తో ఓడిపోయాం. అప్పుడు మన ర్యాంకు 117, వాళ్లది 158, వాళ్ల సీనియర్లు చాలామంది ఫెడరేషన్‌తో గొడవపడి జట్టుకి దూరంగా ఉన్నారు కూడా. గువాహటి ఒక్కటి గెలిచి ఉంటే కువైట్‌తో కోల్‌కతా డ్రా తర్వాత మనకి 8 పాయింట్లు ఉండేవి, కువైట్ ఎంత చేసినా 7 దాటదు కాబట్టి దోహా మ్యాచ్‌కి టెన్షనే ఉండేది కాదు. నన్నడిగితే మనం పోయింది గువాహటిలోనే.

అపోహ: వీడియో చూసి మార్చొచ్చు, లేదా మ్యాచ్ మళ్లీ ఆడించొచ్చు.

ఆ రౌండ్‌లో వీఏఆర్ (వీడియో చూసి నిర్ణయాన్ని సరిచూసే ఏర్పాటు) లేదు. రిఫరీ కళ్లు, అసిస్టెంట్ కళ్లు, అంతే. గోల్ ఇచ్చి సెంటర్ నుంచి ఆట మళ్లీ మొదలైందంటే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకునే అధికారం రిఫరీకి నిబంధనల్లో లేదు. గోల్ అయిందా కాదా అన్నది ‘ఆటకు సంబంధించిన వాస్తవం’ కింద వస్తుంది, దాని మీద రిఫరీ మాటే ఫైనల్, అందుకే ఫిర్యాదు చేసినా ఫలితం మారలేదు. ఇంకోటి, బంతి బయటికి పోయినట్టు లెక్కంటే అది మొత్తంగా గీత దాటాలి, సగం దాటితే ఆట నడుస్తున్నట్టే. ఇక్కడ మొత్తం దాటింది, అది వేరే విషయం. నేను పిల్లలకి చెప్పేది మాత్రం ఇదే: విజిల్ వినపడేదాకా ఆగొద్దు, చేతులెత్తి అప్పీల్ చేయడం తర్వాత.

అపోహ: సొంత గడ్డ మీద మనం స్ట్రాంగ్.

భువనేశ్వర్‌లో ఖతార్ చేతిలో 0-3, గువాహటి సంగతి చెప్పాను, కోల్‌కతాలో కువైట్‌తో ఛెత్రి చివరి ప్రపంచకప్ క్వాలిఫయర్ 0-0. మూడు మ్యాచ్‌లు, ఒక పాయింట్, ఒక గోల్, అదీ పెనాల్టీ. గెలిచిన ఒక్క మ్యాచ్ కువైట్‌లో, మన్‌వీర్ గోల్‌తో.

అపోహ: మూడో స్థానానికి ప్లేఆఫ్ ఉంటుంది.

లేదు. తొమ్మిది గ్రూపుల్లో మొదటి రెండు జట్లే ముందుకెళ్లాయి, వాటికి 2027 ఆసియా కప్ బెర్త్ కూడా అక్కడే దొరికింది. మనం మాత్రం ఆ ఆసియా కప్ కోసం బంగ్లాదేశ్, హాంకాంగ్, సింగపూర్‌లతో ఇంకో గ్రూప్ ఆడాల్సి వచ్చింది, అదీ దాటలేకపోయాం.