ఒకే గీత పది సార్లు: మార్బుల్ లుక్ టైల్స్ మీద అపోహలు - వాస్తవాలు

పదిహేనేండ్ల నుంచి హైదరాబాద్‌ల ఇండ్లకు టైల్స్ వేయిస్తున్న, ఎల్బీనగర్ నుంచి మియాపూర్ దాక. ఇప్పుడు అందరిదీ ఒకటే మాట, ఇటాలియన్ మార్బుల్ లెక్క కనబడాలె గానీ టైల్ రేట్ల అయిపోవాలె అని. అయితది, కాకపోతే షోరూంల ఎవరో చెప్పిన మాటలు పట్టుకొని వస్తరు, అక్కడ నాకు పంచాయితీ.

అపోహ: షోరూంల పీస్ మస్తుంది, అదే ఫైనల్.

ఆ నిలబెట్టిన పీస్ ఒక్కటే కదా అన్నా. ఈ గీతలు గ్లేజు, అంటే టైల్ పైన ఉండే మెరుపు పూత, దాని మీద డిజిటల్ ప్రింట్. ప్రతి డిజైన్‌కు కొన్నే ఫేసులుంటయి, అంటే వేర్వేరు గీతల బొమ్మలు, వీటినే షాపోళ్లు రాండమ్ అంటరు. 4 బై 2 అడుగుల టైల్ అయితే 310 చదరపు అడుగుల హాలుకు 40 పడ్తయి, నాలుగే ఫేసులుంటే అదే గీత పది సార్లు కనిపిస్తది. నాగోల్‌ల ఒక ఇంట్ల నేనే ఈ తప్పు చేసిన, పెట్టె పైనుంచి ఏది వస్తే అది మేస్త్రీ పరిచేసిండు, సోఫా ముంగట ఒకే వంకర గీత మూడు టైల్స్‌ల పక్కపక్కనే వచ్చింది, ఇంటామెకు మొదటి రోజే కనబడ్డది, నాకు మాత్రం ఆమె చూపెట్టినంక గానీ కనబడలే! రెండు పీకి మళ్ల వేసినం, ఖర్చు నాదే. అప్పటి నుంచి పది పెట్టెలు ఇప్పి, సిమెంటు కలపకముందే ఉత్తగ కింద పరిచి, ఇంటోళ్లను దూరంగ నిలబెట్టి చూపిస్తున్న. మీరు కూడ ఫేసులు ఎన్ని అని అడగండి, జవాబు చెప్పకుంటే వేరే డిజైన్ చూసుకోండి.

అపోహ: గీత లోపలి దాకా ఉంటది, కొట్టుకపోదు.

టైల్ పక్కకు తిప్పి అంచు చూడండి, బాడీ ఒక రంగు, పైన సన్నటి పొర. కిచెన్‌ల కుక్కర్ జారి పడి పెచ్చు లేస్తే కింది రంగు బయటపడ్తది. అసలు మార్బుల్‌ను మళ్ల పాలిష్ పట్టొచ్చు, దీనికి ఆ అవకాశం లేదు. కానీ చింతపండు పులుసు, నిమ్మకాయ రసం పడితే మార్బుల్ మెరుపు పోతది, టైల్‌కు ఏమీ కాదు, అందుకే వంటింటికి నేను కండ్లు మూసుకొని టైలే చెప్తా.

అపోహ: నిగనిగ మెరిస్తేనే మార్బుల్ లెక్క ఉంటది.

హాల్ల సరే. బాత్రూంల, వాష్ ఏరియాల, పెద్దోళ్లుండే రూంల మ్యాట్ తీస్కోండి, తడి కాలు జారుడు ఎట్లుంటదో పడ్డోళ్లను అడగండి. పైగా బోరు నీళ్లతో తుడిస్తే గ్లాసీ నల్ల టైల్ మీద తెల్లటి మరకలు ఎండినంక భలే కనిపిస్తయి.

అపోహ: జాయింట్ కనబడకుండా అతికించొచ్చు, అది కూడ ఉత్త సిమెంటుతోని.

ఈ రెండూ కలిస్తే నాకు కోపమొస్తది. ఈ మార్బుల్ లుక్ టైల్స్ ఎక్కువగ పోర్సిలేన్, అంటే గట్టిగ కాల్చిన మట్టి టైల్, అది నీళ్లు పీల్చేది 0.5 శాతం లోపే, అందుకే సిమెంటు పాలు దానికి సరిగ్గ పట్టవు, కొన్నాళ్లకు రూపాయి బిళ్లతో కొడితే డొల్ల చప్పుడొస్తది. ఐఎస్ 15477 అని రాసున్న అడ్హెసివ్ (టైల్ అతికించే గమ్ము) తీస్కోండి, టైల్ వెనక కూడ పూయమనండి. టైల్స్ నడుమ సందు కోసం పెట్టే రెండు మిల్లీమీటర్ల స్పేసర్ తప్పనిసరి, ఎండకాలం పొంగితే పోయేతందుకు సందుండాలె, స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ) కింద కూడ వదలాలె. మా నాయన కాలంల తాండూరు బండలు వేసినోళ్లు వేలు పట్టే సందు వదిలెటోళ్లు, ఎవరూ ఏమనలే! ఇంకోటి, పొడుగు టైల్స్‌ను ఇటుకల లెక్క సగానికి సగం జరిపి వేయనియ్యకండి, నడుమ కొంచెం ఉబ్బు ఉంటది, పక్క టైల్ అంచు దాని దగ్గరకొచ్చి కాలికి తగుల్తది, మూడో వంతు జరిపితే చాలు.

అపోహ: పెట్టెకు 16 అడుగులు.

4 బై 2 అంటే అసలు 600 బై 1200 మిల్లీమీటర్లు, రెండు టైల్స్ పెట్టె 15.5 చదరపు అడుగులే. వెయ్యి అడుగులకు 63 పెట్టెలు అనుకుంటే 65 కావాలె, పైన కటింగ్ వేస్టేజ్ పది శాతం వరకు వేరే. తక్కువొచ్చి మళ్ల కొనపోతే అదే పేరు మీద వేరే బ్యాచ్ వస్తది, తెలుపుల ఎంత తేడా ఉంటదో పక్కపక్కన పెడితే గానీ తెల్వది. పెట్టె మీద షేడ్ నంబర్ ఫోటో తీసి ఫోన్ల పెట్టుకోండి, రెండు పెట్టెలు మిగిలితే వాపస్ ఇయ్యకుండ మెట్ల కింద దాచిపెట్టుకోండి.