ఐసు ముట్టుకుంటే రొంప పడుతుందా?

"ఏటమ్మా టీచరూ, పిల్లోడిచేత ఐసు పట్టించావట?" మొన్న గేటు దగ్గరే ఒక మామ్మగారు ఆపేశారు. మనవడికి ముక్కు కారుతోంది. ముందురోజే క్లాసులో ఐసు ఆట ఆడించాం. ఇంకేముంది, నేరం నాదే. విశాఖలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే నాకు ప్రతి వేసవిలోనూ ఈ పంచాయితీ తప్పదు.

అపోహ: ఐసు ముట్టుకుంటే జలుబు చేస్తుంది.

చేయదు. జలుబు తెచ్చేది వైరస్, ఎక్కువగా రైనోవైరస్. అది ఒంట్లో చేరాక ముక్కు కారడానికి మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అంటే నిన్న ఐసు ఆడి ఈరోజు పొద్దున్నే తుమ్ముతున్న పిల్లాడికి అది బహుశా ముందే అంటుకుంది. స్కూల్ ఆటోలోనో, పుట్టినరోజు ఫంక్షన్‌లోనో, మా క్లాసులోనే పక్కవాడి చేతి నుంచో. ఈ వయసు పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలే. అన్నిసార్లు వచ్చేదాంట్లో ఒక్కటైనా ఐసు ఆడిన మర్నాడు పడకుండా ఉంటుందా?

భయపడే తల్లులను నేను తప్పుపట్టను. మా అమ్మాయికి మూడేళ్లప్పుడు ఫ్రిజ్ తలుపు తీయనిచ్చేదాన్ని కాదు, టీచర్ని అయ్యుండీ! వాట్సాప్‌లో ఐసు గురించి ఏది వస్తే అది పంపేవాళ్లతోనే నాకు విసుగు. ఉబ్బసం ఉన్న పిల్లల సంగతి వేరు, వాళ్లలో కొందరికి చల్లదనం పడదు. ముందే చెప్పండి. మిగతావాళ్లకు ఎవరి టబ్బు వాళ్లది, ఎవరి తువ్వాలు వాళ్లది. జలుబును ఆపేది ఆ జాగ్రత్త.

అపోహ: ఉప్పు వేస్తే ఐసు వేడెక్కి కరుగుతుంది.

దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఉప్పు కలిపిన ఐసు కరుగుతూనే ఇంకా చల్లబడుతుంది, మైనస్ 21 డిగ్రీల దాకా పోగలదు. అరచేతిలో ఐసూ ఉప్పూ కలిపి పట్టుకుంటే చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది. ఉప్పు ప్రయోగం గిన్నెలోనే, చెంచాతోనే. మామూలు ఐసునైనా ఫ్రీజర్‌లోంచి తీయగానే చేతికివ్వకండి, పైన తడి వచ్చేదాకా ఆగండి. చిన్న ముక్కలు గొంతుకు అడ్డం పడతాయి. అందుకే నేను స్టీలు గిన్నెలో మందారం వేసి ఒకటే పెద్ద గడ్డ కట్టిస్తాను. ఫిషింగ్ హార్బర్ దగ్గర దొరికే ఐసు చేపల కోసం, పిల్లల కోసం కాదు.

ఐసు వేసిన గ్లాసు బయట చెమ్మ? గ్లాసు కారడం లేదు, అది మన విశాఖ గాలిలోని తేమే. లోపల రంగునీళ్లు పోసి చూడండి, బయటి చుక్కలకు రంగుండదు.

అపోహ: ఉన్ని బట్టలో చుడితే ఐసు త్వరగా కరుగుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. రెండు ఒకే సైజు గడ్డలను రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, ఒకదాన్ని పళ్లెంలో పెడతాను, ఇంకోదాన్ని అరకు వెళ్లేటప్పుడు కొన్న మంకీ క్యాపులో చుడతాను. ఏది ముందు కరుగుతుందంటే పిల్లలతోపాటు మా ఆయమ్మ కూడా క్యాపునే చూపించింది. గంట తర్వాత విప్పితే పళ్లెంలోది దాదాపు నీళ్లయిపోయింది, క్యాపులోది ఇంకా గడ్డగానే ఉంది. ఉన్ని వేడిని పుట్టించదు, బయటి వేడిని లోపలికి తొందరగా పోనివ్వదు. మా చిన్నప్పుడు ఐసు దిమ్మలను రంపపు పొట్టులో కప్పి ఉంచేది ఇందుకే.

శుక్రవారం మళ్లీ ఐసు ఆట ఉంది. ఒక తువ్వాలు, మార్చడానికి ఒక జత బట్టలు పంపండి. స్వెట్టరు కూడా పంపుతానంటారా, పంపండి, ఐసుకి తొడుగుతాం.