కుందేళ్ల తూకం గురించి మనుమలకు ఉత్తరం

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతి సెలవుల్లో మీరు పెరట్లో కుందేళ్ల బోన్ల ముందు నిలబడి, ఆడవి ఎక్కువ మాంసం ఇస్తాయా, మగవా అని అడిగినప్పుడు, దాణా వేసే తొందరలో "మగవే" అనేశాను. ఆ జవాబు సరైనది కాదు. పుంజు పెట్టకన్నా, పొట్టేలు గొర్రెకన్నా బరువు తూగడం చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి కనుక కుందేలూ అంతేనని చాలా కాలం వాదించాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నమాట. (సామెతలోది అడవి కుందేలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు దాన్ని వేటాడడమే నేరం. నేను రాస్తున్నది పెంపుడు కుందేళ్ల గురించి.)

మన దగ్గరున్న న్యూజిలాండ్ వైట్ జాతి పిల్ల పుట్టినప్పుడు 50, 60 గ్రాములు ఉంటుంది. నాలుగైదు వారాలకు తల్లి నుంచి వేరు చేస్తాం. బాగా మేపితే మూడు నెలలకు రెండు కిలోలకు వస్తుంది, మాంసానికి అమ్మేది అప్పుడే. ఆ వయసు వరకు ఒకే ఈతలోని ఆడ, మగ పిల్లలను పక్కపక్కన తూచినా చెప్పుకోదగ్గ తేడా ఉండదు. తేడా తరవాత వస్తుంది, అదీ ఆడదాని వైపు: ఎదిగిన మగది 4.1 నుంచి 5 కిలోలు, ఆడది 4.5 నుంచి 5.4 కిలోలు ఉండాలన్నది ఈ జాతికి పెట్టుకున్న ప్రమాణం. అయితే ఆ బరువంతా మాంసం కాదు, వయసు ముదిరేకొద్దీ ఆడదాని పొట్టలో, మూత్రపిండాల చుట్టూ కొవ్వు పేరుకుంటుంది. తల, చర్మం, పేగులు తీసేస్తే దేనికైనా మిగిలేది సగం, లేదా సగం కన్నా కాస్త ఎక్కువ. కుందేలు పేగులు చాలా పెద్దవి కనుక, కడుపు నిండా పచ్చిగడ్డి తిన్న పూట తూచితే కాటా మీద కనిపించే దాంట్లో కొంత గడ్డి బరువే.

మగవాటితో ఉన్న అసలు చిక్కు వేరు. ఒక ఏడాది ధర రాలేదని అమ్మకుండా ఆగి, మూడు నెలలు దాటిన మగవాటిని ఒకే బోనులో వదిలేశాను. ఒక ఉదయం చూస్తే ఒకదాని చెవి చీలి ఉంది, ఇంకొకటి మూలకు నక్కి దాణా ముట్టడం లేదు. పెరగాల్సిన బరువు ఆ కొట్లాటల్లోనే పోయింది.

ఇక వాటి ఇంటి సంగతి. ఇనుప జాలీ బోనులో పెంట, మూత్రం కిందికి జారిపోతాయి కనుక పెంట ద్వారా అంటుకునే కాక్సిడియోసిస్ అనే జబ్బు బెడద తగ్గుతుంది. పరుగెత్తే చోటు లేనందువల్ల తిన్నది ఒంటికి పడుతుంది. నేల మీద కంచె కట్టిన దొడ్డిలో పెరిగినవి గెంతుతాయి, పరిచిన గడ్డిని కూడా తింటాయి. అందువల్ల అమ్మే నాటికి కొంత తక్కువ తూగుతాయి, కిలో బరువుకు దాణా ఎక్కువ పడుతుంది, కాని వాటిలో కొవ్వు తక్కువ, వెనక కాళ్ల మాంసం వాటా ఎక్కువ, ఎముక గట్టి. ఎక్కడ పెంచినా ఇరుకు పనికిరాదు. చదరపు మీటరుకు 16 పిల్లలు మించితే ఎదుగుదల మందగిస్తుంది. నేను బోన్లే ఉంచుకున్నాను గాని, కుందేళ్లు వెనక కాళ్ల మీద నిలబడి చెవులు నిక్కించేంత ఎత్తు పెట్టించాను.

వీటన్నిటికన్నా మన ప్రాంతంలో పైకప్పే ముఖ్యమని నా అనుభవం. కుందేలుకు మనలా చెమట పట్టదు, ఒంటి వేడి చాలా వరకు చెవుల గుండానే పోవాలి. మే నెల మధ్యాహ్నం దాని చెవిని వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే రక్తనాళాలు ఉబ్బి ఎర్రటి కొమ్మల్లా కనిపిస్తాయి. ఎండ 30 డిగ్రీలు దాటితే మేత తగ్గిస్తుంది, 35 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. కొడైకెనాల్ కొండల్లో మన్నవనూరులోని గొర్రెలు, కుందేళ్ల పరిశోధన కేంద్రంలో ఉన్న చల్లదనం మనకు ఎక్కడిది? ఒక వేసవిలో ఒక ఈతను రేకుల కింద, ఇంకొక ఈతను తాటాకు పందిరి కింద తడి గోనెపట్టాలు వేలాడదీసి పెంచాను. అమ్మే రోజున రేకుల కిందివి చేత్తో ఎత్తితేనే తేలికని తెలిసిపోయింది.

ఇప్పుడున్న ఈతలో ఆడవాటి చెవికి ఎర్ర చుక్క, మగవాటికి నీలం చుక్క పెట్టాను. సగం బోనులో, సగం దొడ్డిలో ఉన్నాయి, రెండూ తాటాకు కిందే. వచ్చేటప్పుడు ఒక నోటుబుక్కు తెచ్చుకోండి. ఉదయం దాణా వెయ్యకముందే తూచాలి కనుక త్వరగా నిద్ర లేవాల్సి ఉంటుంది.

ఇట్లు,
మీ తాతయ్య