పొట్టిదనం ఎవరి పోలిక? దీని వెనక 140 ఏళ్ల లెక్కుంది

మా పర్లాకిమిడి ఇంట్లో వంటగది గుమ్మం పక్కన గోడ నిండా పెన్సిల్ గీతలే, ప్రతి పుట్టినరోజుకీ పిల్లల నెత్తిమీద స్కేలు ఆనించి గీసి తేదీ రాస్తాం. అన్నయ్య చిన్నకొడుకు గీత, వాళ్లన్న అదే వయసులో ఉన్న గీతకన్నా నాలుగు వేళ్లు కిందుంది. అంతే, వచ్చినోళ్లంతా "తల్లి పోలికే వచ్చేసింది గుంటడికి" అనడం, మా వదిన ఏమీ అనలేక లోపలికి పోవడం. నాకది చాలా కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఎత్తు ఒక్కరి వైపు నుంచే రాదని తెలిసి చాలాకాలమైంది.

1886లో ఇంగ్లాండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త 205 కుటుంబాల్లో ఎదిగిన పిల్లలు 928 మంది ఎత్తులు తీసి అమ్మానాన్నల ఎత్తులతో పోల్చాడు, ఆడవాళ్లు సగటున మగవాళ్లకన్నా పొట్టి కాబట్టి వాళ్ల ఎత్తుని 1.08తో గుణించి మరీ ఇద్దరినీ సమానంగా కలిపాడు. బాగా పొడుగోళ్ల పిల్లలు సగటున వాళ్లంత పొడుగవ్వలేదు, బాగా పొట్టోళ్ల పిల్లలు వాళ్లకన్నా కాస్త పైకొచ్చారు. (‘మంచి’ లక్షణాలున్నోళ్లే పిల్లల్ని కనాలనే వాదానికి యూజెనిక్స్ అని పేరు పెట్టింది కూడా ఈయనే, దాని పేరుతో తర్వాత జరిగిన ఘోరాలు మర్చిపోకూడదు.) కానీ లక్షణాలు తరం నుంచి తరానికి ఎలా వస్తాయో చూడ్డానికి మెండెల్ పెంచిన బఠాణీ మొక్కలైతే పొడుగో పొట్టో రెండే రకాలు, మనుషులేమో మధ్యలో అన్ని ఎత్తుల్లోనూ ఉంటారు, మరి ఈ రెండూ ఎలా కుదురుతాయని పెద్ద గొడవే నడిచింది. 1918లో రోనాల్డ్ ఫిషర్ లెక్క కట్టి చూపించాడు, బోలెడు జీన్లు (అమ్మానాన్నల నుంచి వచ్చే జన్యువులు) తలా కొంచెం వేస్తే ఇలాగే వస్తుందని.

ఆ జీన్లేవో దొరకడం మొదలయ్యేసరికి 2007 వచ్చింది. ముందు దొరికింది హెచ్‌ఎంజీఏ2, దాంట్లో తేడా వల్ల మారేది అర సెంటీమీటరు కూడా కాదు! 2022కి 54 లక్షల మంది డీఎన్‌ఏ చూసి ఎత్తుతో ముడిపడ్డ 12,111 తేడాలు పట్టారు. యూరప్ మూలాలున్నోళ్ల మధ్య ఎత్తు తేడాల్లో 40 శాతం దాకా వాటితో చెప్పొచ్చు, మిగతావాళ్లలో 10 నుంచి 20 శాతమే, ఎందుకంటే డేటా ఎక్కువగా యూరప్ మూలాలున్నోళ్లదే.

తిండి సంగతి వేరే ఉంది. దక్షిణ కొరియా ఆడవాళ్లు వందేళ్లలో 20 సెంటీమీటర్లు పెరిగారు, అంత తొందరగా జీన్లు మారవు కదా. మన దేశంలో 2019-21 సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకి తగ్గ ఎత్తు లేరు. తిండి చాలక, మాటిమాటికీ జబ్బులు చేసి ఎదుగుదల ఆగేది ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. మా అన్నయ్య చిన్నకొడుక్కి ఏడాది నిండకుండానే మూడుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి, ఒకసారి సెలైన్ కూడా పెట్టారు, ఆ రాత్రులన్నీ వాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది వదినే.