మెదక్ చర్చి: నేను తరచూ వినే అపోహలు

పాత రాతి కట్టడాల మరమ్మతు నా వృత్తి. మెదక్ చర్చి పేరెత్తితే చాలు, నాకు మొదట ఎదురయ్యే మాట ఇది.

అపోహ: వాటికన్ తర్వాత ప్రపంచంలో రెండో పెద్ద చర్చి ఇదే.

వాస్తవం: కాదు. దీని పొడవు 200 అడుగులు, వెడల్పు 100. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ కేథడ్రల్ పొడవే 600 అడుగులు దాటుతుంది. పైగా వాటికన్ రోమన్ కేథలిక్కులది. ఇది వెస్లియన్ మెథడిస్టు అనే ప్రొటెస్టెంటు శాఖ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ పదేళ్లపాటు కట్టించినది. పొలాల నడుమ 175 అడుగుల శిఖరం నిలిచి ఉంటే ర్యాంకుతో పనేమిటో నాకు అర్థం కాదు.

అపోహ: పెద్దది కాబట్టే కేథడ్రల్ అంటారు.

వాస్తవం: బిషప్ పీఠం ఉన్నదే కేథడ్రల్, అది ఎంత చిన్నదైనా. బ్రిటిష్ మెథడిస్టులలో బిషప్పులే లేరు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన నాటికి ఇది చర్చి మాత్రమే. 1947లో సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం ఏర్పడ్డాకే కేథడ్రల్ అయింది.

అపోహ: గోతిక్ అంటే ఒళ్లంతా చెక్కడాలు.

వాస్తవం: మెదక్ చర్చిది గోతిక్ శైలి. అది ముందుగా బరువును నేలకు దించే పద్ధతి. మొన తేలిన కమాను గుండ్రని కమానుకన్నా తక్కువగా పక్కలకు తోస్తుంది. ఆ తోపును ఊతగోడలు కాస్తాయి. 12వ శతాబ్దపు ఫ్రాన్సు మేస్త్రీలకు దొరికింది సున్నపురాయి. ఉలి పెడితే అందులో ఆకులు, తీగలు పలుకుతాయి. మన గ్రానైట్ అంత సులువుగా లొంగదు. రేణువు ముతక, సన్నని అంచు తీయబోతే పెచ్చు లేచిపోతుంది. రామప్ప గుడిలోని మదనికల, అంటే స్త్రీ శిల్పాల, నునుపు చూపి నాతో వాదించేవారున్నారు. అది సన్నరేణువు నల్లరాయి, దాని కథ వేరు. మెదక్‌లో అందమంతా కొలతల్లో ఉంది, తీర్చిన బూడిదరంగు స్తంభాల్లో ఉంది.

అపోహ: రంగు గాజు కిటికీలు కూడా ప్రతిష్ఠ నాటివే.

వాస్తవం: ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన మూడు కిటికీలూ 1927, 1947, 1958లలో వచ్చాయి. పగలే వెళ్లండి, బయటి వెలుగు పోతే బొమ్మలు కనబడవు.

అపోహ: పాత గోడల దర్జులకు (రాళ్ల మధ్య సందులకు) సిమెంటు పెడితే గట్టిపడతాయి.

వాస్తవం: నాకు ఒళ్లు మండేది ఇక్కడే. సున్నంతో కట్టిన గోడలోకి దిగిన తేమ సున్నం గుండానే ఆవిరైపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. ఒక పాత ప్రార్థనాలయంలో సిమెంటు దర్జు విప్పి చూశాను. పైన చెక్కుచెదరలేదు, వెనుక సున్నం తడిపిండిలా చేతికి వచ్చింది.