సబ్బు గిన్నెలో కోవా

మేకపాలతో మొదటిసారి ఇంట్లో సబ్బు చేసిన ఒక పాఠకురాలు అడిగారు: "పాలలో కాస్టిక్ సోడా వేయగానే నారింజ రంగుకు తిరిగి, ఘాటు వాసన కొట్టింది. పారబోయాలా?" అక్కర్లేదండీ. ఆ గిన్నెలో జరిగింది నాకు భలే ఇష్టమైన కెమిస్ట్రీ.

గ్లవ్స్, కళ్లద్దాలు, స్టీలు గిన్నె (అల్యూమినియం వద్దే వద్దు), ద్రవంలోకి సోడా వేయాలి తప్ప సోడా మీద ద్రవం పోయకూడదు. ఇవన్నీ అందరూ చెప్పేవే.

5 శాతం నూనె సబ్బు కాకుండా మిగలాలనుకుంటే, అర కిలో కొబ్బరినూనెకు సుమారు 87 గ్రాముల సోడా పడుతుంది. 200 గ్రాముల నీళ్లలో అది ఒక్కసారిగా కరిగితే వేడి 80 డిగ్రీలు దాటడం మామూలే. నీళ్లు ఆ వేడిని భరిస్తాయి. పాలలో మాత్రం నూటికి నాలుగైదు గ్రాముల లాక్టోజ్ (పాల చక్కెర), మూడు గ్రాముల పైచిలుకు ప్రోటీన్ ఉంటాయి.

కోవా ఎందుకు రంగు మారుతుంది? వేడికి పాలలోని చక్కెర, ప్రోటీన్ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామిల్ మయార్ 1912లో వివరించిన చర్య ఇదే. పొయ్యి మీద గంట పట్టే ఆ పనిని సోడా నిమిషాల్లో ముగిస్తుంది. ప్రోటీన్‌లోని లైసిన్ అనే అమైనో ఆమ్లం చివర ఒక ఎమైన్ గుంపు (నైట్రోజన్ ఉన్న భాగం) ఉంటుంది. మామూలు పాలలో అది అదనంగా ఒక హైడ్రోజన్ అయాన్‌ని మోస్తుంటుంది కాబట్టి దాని ఎలక్ట్రాన్ల జతకు తీరిక ఉండదు. సోడా ఆ అయాన్‌ని లాగేస్తుంది. ఖాళీ దొరికిన ఎలక్ట్రాన్లు వెళ్లి లాక్టోజ్‌లోని కార్బొనిల్ (కార్బన్, ఆక్సిజన్ జంట) మీద పడతాయి. పైగా సోడా లాంటి క్షారంలో లాక్టోజ్ తనంతట తానే విరిగి రంగు తేలుతుంది, ప్రోటీన్ తోడు లేకపోయినా సరే. కోవాకి ఒక్క మంటే, సబ్బుకి మంటా క్షారమూ రెండూ.

కోవాకి లేనిది ఆ ఘాటు. పాలలోని ముఖ్య ప్రోటీన్ కేసీన్. అందులో దండిగా ఉండే గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని సోడా కోసినప్పుడు అమ్మోనియా బయటికొస్తుంది. సబ్బు ఆరేకొద్దీ అదే పోతుంది.

ఈసారి పాలను ఐసు ముక్కలుగా గడ్డకట్టించి, సోడా చెంచా చెంచాగా వేయండి. నా ఓటు మాత్రం రెండో పద్ధతికి: సోడాను 100 గ్రాముల నీళ్లలో పూర్తిగా కరిగించి చల్లార్చి, పాలను నేరుగా నూనెలో కలపడం. అచ్చులో పోశాక దుప్పటి కప్పకండి. చక్కెర ఉన్న సబ్బు లోపల మరీ వేడెక్కి పగులుతుంది, ఒక్కోసారి పొంగుతుంది కూడా. కొబ్బరినీళ్లకూ ఇదే జాగ్రత్త.

మందారపూల కషాయం పోస్తే ఎరుపు నిలవదు, క్షారంలో ఆ రంగు ఆకుపచ్చగానో గోధుమగానో మారుతుంది. అదే పువ్వు కత్తికి రుద్ది ఆరబెట్టి, నిమ్మకాయ కోసి "రక్తం" చూపించే బాబాలున్నారు. ఆమ్లంలో ఎరుపు, అంతే! బడిలో సబ్బు పాఠాన్ని ఒక్క సమీకరణంతో ముగించేస్తారు గానీ, మందారం మీద క్షారం, ఆమ్లం చేసే ఈ రెండు పనులూ పక్కపక్కన చేసి చూపిస్తే పిల్లలు మర్చిపోతారా?

నిమ్మరసం పోసేవాళ్ల సమస్య వేరు. వాళ్ల సబ్బు మెత్తగా, జిడ్డుగా ఉండిపోతుంది. ఒక గ్రాము సిట్రిక్ ఆమ్లం 0.62 గ్రాముల సోడాను మింగుతుంది. 100 గ్రాముల రసంలో ఆమ్లం 5 గ్రాములనుకున్నా 3 గ్రాముల సోడా పోయినట్టే. అర కిలో నూనెలో 5 శాతం మిగలాలని వేసుకున్న లెక్క 8 శాతానికి జారుతుంది. ఆ 3 గ్రాములు ముందే అదనంగా తూచుకోవాలి.