గీజరు కారుతోందా? అపోహలు – వాస్తవాలు

విశాఖలో గీజర్లు బాగుచేయడం నా పని. చలికాలం మొదలవగానే వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకటే మాట: "గీజరు కారుతోంది, కొత్తది కొనాలా?" చాలాసార్లు అక్కర్లేదు.

అపోహ: సేఫ్టీ వాల్వు (ఒత్తిడి పెరిగితే నీళ్లు బయటికి వదిలేది) నుంచి చుక్కలు పడితే గీజరు పాడైనట్టే.

వాస్తవం: నీళ్లు వేడెక్కితే పెరుగుతాయి. 25 లీటర్ల ట్యాంకులో నీళ్లు 25 డిగ్రీల నుంచి 75కి వెళ్తే అర లీటరుకు పైనే పెరుగుతాయి. నీళ్లను పైపులోకి వెనక్కి పోనివ్వని వాల్వు ఉంటే, పెరిగిన నీళ్లు సేఫ్టీ వాల్వు రంధ్రం నుంచే బయటికి రావాలి. కాబట్టి వేడెక్కేటప్పుడు మాత్రమే కారితే భయం లేదు. స్విచ్ ఆపి, నీళ్లు చల్లారాక కూడా కారుతుంటే వాల్వు అరిగి ఉండాలి, లేదా డాబా మీద ప్రెషర్ పంపు పెట్టాక లైన్లో ఒత్తిడి పెరిగి ఉండాలి.

ఎంవీపీ కాలనీలో ఒక ఇంట్లో ఆ రంధ్రానికి చెక్కముక్క బిగించి ఉంది. చూడగానే నాకు చెమట పట్టింది. వేడిని అదుపుచేసే థర్మోస్టాట్, మరీ వేడెక్కితే కరెంటు ఆపే కటౌట్ రెండూ పనిచేయని రోజున ట్యాంకు పగలకుండా కాపాడేది ఆ రంధ్రమే. దయచేసి దాన్ని ఎప్పుడూ మూయకండి.

అపోహ: పైపు నట్టు తడిగా ఉంటే బిగిస్తే సరిపోతుంది.

వాస్తవం: ముందు గీజరుకు కరెంటు వచ్చే ఎంసీబీ స్విచ్ దింపండి. నట్టును పొడిగా తుడిచి, టిష్యూ కాగితం చుట్టి పావుగంట ఆగండి. నట్టు దగ్గరే తడిస్తే వాషరో, టెఫ్లాన్ టేపో మారిస్తే చాలు. తడి పైనుంచి, అడుగు మూత సందులోంచి దిగుతుంటే తేడా లోపల ఉంది. నీళ్లు వేడిచేసే ఎలిమెంటు దగ్గర కారకుండా వేసే గ్యాస్కెట్ కావచ్చు, ట్యాంకే కావచ్చు. అప్పుడు నట్టు ఎంత బిగించినా లాభం లేదు, పైగా మర చెడిపోతుంది.

అపోహ: బయట తుప్పు పడితే ట్యాంకు పోయినట్టే.

వాస్తవం: మన సముద్రపు గాలికి పైరేకు తుప్పు పట్టడం మామూలే. లోపలి ట్యాంకు వేరు. చల్లనీళ్లు తేటగా వస్తూ వేడినీళ్లు మాత్రం ఎర్రగా వస్తే అప్పుడు అనుమానించండి. తీరం దగ్గర ఉప్పు బోరునీళ్లు వాడే ఇళ్లలో ట్యాంకు బదులు తాను కరిగిపోయే మెగ్నీషియం రాడ్ త్వరగా అయిపోతుంది. ఏటా ఒకసారి విప్పించి చూపించుకోండి.

ట్యాంకుకే చిల్లు పడితే వెల్డింగ్ చేయించకండి. ఆ వేడికి లోపలి గాజుపూత పోయి, ఆ పక్కనే మళ్లీ కారుతుంది. ముందు బిల్లు వెతకండి: ట్యాంకుకు విడిగా, ఎక్కువ ఏళ్ల గ్యారంటీ ఉండొచ్చు.